పొలం గట్టు మీది ముద్రరాయిని గుర్తించడం, చదవడం, నమోదు చేయడం ఎలా

పొలం గట్టు మీద సగం భూమిలో కూరుకుపోయిన ఒక రాయి ఉంటుంది. దాని మీద పళ్ళెమంత చక్రమో, చేటంత త్రిశూలమో చెక్కి ఉంటుంది; పైన ఒక పక్క సూర్యుడు, ఇంకో పక్క నెలవంక కనిపిస్తాయి. దాన్ని పోతురాజు అని కొందరు మొక్కుతారు, గేదెను కట్టేయడానికి కొందరు వాడుకుంటారు. నిజానికి అది ఒకప్పుడు రాజో, సామంతుడో, ఊరి పెద్దలో దేవుడికి ధారపోసిన భూమికి నాలుగు దిక్కులా నాటిన హద్దురాళ్ళలో ఒకటి కావచ్చు. అటువంటి రాయి కంటపడినప్పుడు దాన్ని ఎలా గుర్తుపట్టాలో, ఎలా నమోదు చేయాలో, ఏం చేస్తే చెడిపోతుందో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. చరిత్రలో పట్టా ఉండనక్కర లేదు. ఓపిక, ఒక టేపు, ఒక ఫోను, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

ఒక్క మాట ముందుగా మనసులో పెట్టుకోవాలి. గుడిలోని విగ్రహాన్ని మ్యూజియానికి తరలించినా అది విగ్రహంగానే మిగులుతుంది. హద్దురాయి అలా కాదు. దాని మీద చెక్కినదానికంటే అది నిలిచిన చోటే ఎక్కువ చెబుతుంది. పక్కకు జరిపిన హద్దురాయి చక్రం బొమ్మ ఉన్న బండ మాత్రమే అవుతుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క కారణం నుంచి పుట్టినవే.

బయలుదేరే ముందు

చాలామంది రాయి దొరికాక పుస్తకాలు వెదుకుతారు. ఆ పని ముందే చేసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది, ఎందుకంటే దాన శాసనం సాధారణంగా గుడి దగ్గర ఉంటుంది, హద్దురాయి పొలంలో ఉంటుంది. గుడి ముందున్న స్తంభం మీదో, మండపం గోడ మీదో ఎవరు, ఎప్పుడు, ఎంత భూమిని, ఏ సేవ కోసం ఇచ్చారో వివరంగా రాసి ఉంటుంది. పొలంలోని రాయి మీద తరచుగా ఒక్క ముద్ర తప్ప అక్షరం ముక్క ఉండదు. మొదటిది దస్తావేజు అనుకుంటే రెండోది దాని గుర్తు. ఈ రెండింటినీ జతచేయడమే మీరు చేయబోయే పని.

కాబట్టి మీ ఊరి పాత గుడి శాసనం ఇదివరకే అచ్చయిందేమో చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి శాసనాలను నకలు తీసి చదివే ప్రభుత్వ పురాలేఖ శాఖ ఏటా తాను నకలు తీసిన శాసనాల జాబితాలను ప్రకటిస్తూ వచ్చింది. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదవది పూర్తిగా తెలుగు శాసనాలదే. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా వచ్చాయి. తరువాతి కాలంలో వరంగల్లు, కరీంనగర్, కడప వంటి జిల్లాలకు విడివిడిగా సంపుటాలు వెలువడ్డాయి. వీటిలో చాలావాటి నకళ్ళు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి. ఊరి పేరు పాత వర్ణక్రమంలో వెదకడం మరిచిపోకండి. శాసనంలో ఉన్న పేరూ, ఈనాటి బస్సు బోర్డు మీది పేరూ ఒకటే కానక్కర లేదు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతుల్లో, అంటే ఊరి వృత్తాంతాల్లో, మీ ఊరిది ఉంటే తప్పక చదవండి. ఏ దేవుడికి ఎంత మాన్యం ఉండేది, ఎవరి హయాంలో ఏది పోయింది అనే లెక్కలు కరణాల మాటల్లోనే అందులో కనిపిస్తాయి.

రెండో వైపు రెవెన్యూ కాగితాలు. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1858 తరువాత ఇనాం భూములను, అంటే పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో దానంగా ఇచ్చిన భూములను, ఇనాం కమిషన్ ఊరూరా విచారణ జరిపి తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు దేవదాయ భూములకు ఒక పెద్ద ఆధారం. తెలంగాణలో సేత్వార్ అనే తొలి సర్వే రికార్డు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే సాగు రికార్డు, కొన్నిచోట్ల ముంతఖాబ్ అనే ఇనాం ధ్రువపత్రాలు ఆ పని చేస్తాయి. దేవాదాయ శాఖ దగ్గర గుడి ఆస్తులు రాసి ఉండే రిజిస్టరును వాడుకలో 43 రిజిస్టరు అంటారు. ఇవన్నీ దొరకకపోవచ్చు. కనీసం గ్రామ పటం ఒకటి చేతిలో ఉంచుకోండి.

ఇవేవీ దొరకకపోయినా పొలాల పేర్లు చెప్పే ఆధారం ఒకటుంది. దేవుడి మాన్యం, చక్రం చేను, లింగాల చెలక, దీపం చేను, అర్చక మాన్యం, డప్పు మాన్యం వంటి పేర్లు సర్వే నంబర్లు వచ్చాక కూడా జనం నోటిలో నిలిచి ఉంటాయి. దీపం చేను అన్నారంటే ఆ చేను పంటతో గుడిలో అఖండదీపానికి నూనె పోసేవారని అర్థం. ఒక పేజీలో ఊళ్ళో వినిపించే పొలాల పేర్లన్నీ రాసుకుని పటం మీద గుర్తు పెట్టుకోండి. ఏ గట్టు మీద వెదకాలో ఆ పేజీయే చెబుతుంది.

ఊళ్ళో అడుగుపెట్టాక

కోతలు అయిపోయాక వెళ్ళడం మంచిది. మాగాణి ప్రాంతాల్లో వరి కోసిన వెంటనే మినుము, పెసర చల్లి ఉంటారు కనుక చేలో అడ్డంగా నడవకుండా గట్టు పట్టుకునే పోవాలి. మెట్టలో అయితే మాఘ, ఫాల్గుణ మాసాల్లో గడ్డి ఎండి, తుప్పలు పలచబడి రాళ్ళు బయటపడతాయి. పొద పక్కన చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి; రాతి నీడన పాము ఉండడం వింతేమీ కాదు.

ఊళ్ళో ముందుగా కలవవలసింది గొర్రెల కాపరులను, ఆ తరువాత పాత తలారులను, నీరటికాండ్రను. పొలమంతా ఏడాది పొడుగునా నడిచే వాళ్ళకు ఏ రాయి ఎక్కడుందో తెలిసినంతగా ఆఫీసులో ఎవరికీ తెలియదు. అడిగేటప్పుడు శాసనం, పురావస్తువు వంటి మాటలు వాడకండి. చక్రం రాయి ఉందా, నామాల రాయి ఉందా, సూర్యచంద్రుల బొమ్మలున్న బండ ఎక్కడైనా చూశారా అని అడగండి. కోస్తాలో గట్టురాయి, హద్దురాయి అంటే అర్థమవుతుంది; తెలంగాణలో గెట్టురాయి అనాలి; రాయలసీమలో గట్టును గెనిమ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక అసలు కష్టం రైతుతో. మీరు ఒక చేనులో నిలబడి, ఇది పూర్వం దేవుడి భూమి అని గట్టిగా అన్నారంటే, ఆ చేను సాగుచేసుకుంటున్న మనిషికి ఏమనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. ఆయన తాతల నాడే పట్టా పుచ్చుకుని ఉండవచ్చు. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి చట్టం, తెలంగాణలో 1955 నాటి చట్టం ఇనాములను రద్దుచేసి ఎవరికి ఏ హక్కు ఉంటుందో వేరే పద్ధతిలో తేల్చాయి. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి ముద్ర ఒక్కటే ఈనాటి యాజమాన్యాన్ని తేల్చదు. ఆ సంగతి మీరే ముందుగా, స్పష్టంగా, ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పాలి. సర్వే నంబరు, పట్టాదారు పేరు మీ నోటు పుస్తకంలో ఆయన ఎదుట రాయకండి. రాయవలసి వస్తే ఎందుకో చెప్పి రాయండి. ఈ మర్యాద పాటించకపోతే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఒక ఊళ్ళో మేము రాయిని ఫొటో తీసి వచ్చిన వారం రోజులకే అది మాయమైంది. రాత్రికి రాత్రి దాన్ని పెకలించి వాగులో పడేశారని తరువాత తెలిసింది. ఆ తప్పు రైతుది కాదు. మేము ఆయనకు భయం పుట్టించి వచ్చాము.

ఇది నిజంగా హద్దురాయేనా

ముద్రను బట్టి దానం ఎవరికి జరిగిందో చాలావరకు చెప్పవచ్చు. విష్ణ్వాలయానికి ఇచ్చిన భూమి చుట్టూ చక్రం, కొన్నిచోట్ల శంఖచక్రాలు రెండూ, లేదా నామం ఉంటాయి. శివాలయానికి ఇచ్చిన భూమికి లింగమో, త్రిశూలమో, నందో గుర్తు. తమిళనాట చక్రం చెక్కిన రాయిని తిరువాళిక్కల్ అంటారు; ఆళి అంటే చక్రం. కన్నడ సీమలో శివుడి భూమి రాయిని లింగముద్రె కల్లు అంటారు. గొడుగు, కమండలం పట్టుకున్న పొట్టి బ్రహ్మచారి బొమ్మ ఉంటే అది వామనముద్ర. బలి చక్రవర్తిని మూడడుగుల నేల అడిగిన వాడి బొమ్మ కనుక బ్రాహ్మణులకు ఇచ్చిన అగ్రహారం పొలిమేరకు అంతకంటే తగిన గుర్తు ఉండదు. విజయనగర కాలపు దాన శాసనాల్లో నాలుగు ఎల్లల్లోనూ వామనముద్ర రాళ్ళు నాటించి ఇచ్చామనే మాట కనిపిస్తూ ఉంటుంది. ఒకదాని మీద ఒకటిగా మూడు గొడుగులు ఉంటే అది జైన బసదికి, అంటే జైన ఆలయానికి, చెందిన భూమి; దాన్ని కన్నడిగులు ముక్కొడె కల్లు అంటారు. కాబట్టి ముద్ర ఉన్న ప్రతి రాయినీ గుడి మాన్యానికి అంటగట్టకూడదు.

సూర్యచంద్రులు దాదాపు అన్నిటి మీదా ఉంటారు. ఆచంద్రార్కం, అంటే చంద్రుడూ సూర్యుడూ ఉన్నంత కాలం ఈ దానం చెల్లుతుందని, చదువురాని వాడికి కూడా తెలిసేలా చెప్పడం అది. చక్రమో త్రిశూలమో లేకుండా సూర్యచంద్రులు మాత్రమే ఉంటే తొందరపడి తేల్చకండి. వీరగల్లుల మీద, సతి రాళ్ళ మీద కూడా సూర్యచంద్రులు ఉంటారు. వీరగల్లులో కత్తీ డాలూ పట్టిన మనిషి, సతి రాతిలో గాజులున్న చేయి పైకెత్తి ఉండడం వంటివి చూస్తే తేడా తెలుస్తుంది. పాము బొమ్మలున్న నాగశిలలు, ఊరి నడిమి బొడ్రాయి, గ్రామదేవత ముందు పాతిన పోతురాజు, ఏ చెక్కడమూ లేకుండా ఎత్తుగా నిలిచే బృహచ్ఛిలా యుగపు నిలువురాళ్ళు, ఇవన్నీ వేరు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు హద్దురాళ్ళు కావు. అవి వేల ఏళ్ళ ముందువి.

అందరినీ తికమక పెట్టేది సర్వేరాయి. బ్రిటిషు కాలం నుంచి నాటిన సర్వేరాళ్ళకు నలుపలకలుగా చెక్కిన తల, దాని మీద బాణం గుర్తో గీతలో ఉంటాయి. కొన్నిచోట్ల సర్వే వాళ్ళు పాత ముద్రరాయినే తమ రాయిగా ఒప్పుకుని దాని తల మీద తమ గీత గీసుకున్నారు. చక్రం, గీత రెండూ ఉన్న రాయి దొరికితే సంతోషించండి: ఆనాటి హద్దు, ఈనాటి హద్దు ఒకేచోట పడ్డాయన్న మాట, అంటే రాయి కదలలేదని చెప్పడానికి ఒక మంచి ఆధారం దొరికింది.

రాయి కదిలిందా లేదా అన్నది పరీక్షించడానికి దాని పాదం చూడాలి, అయితే తవ్వకూడదు. భూమిలో లోతుగా దిగి, చుట్టూ మట్టి గట్టిపడి ఉంటే అది చాలాకాలంగా అక్కడే ఉన్నదని అనుకోవచ్చు. కాలువ పూడిక తీసిన కుప్ప మీద వాలి ఉన్నా, గట్టుకు అడ్డంగా పడి ఉన్నా, కల్వర్టు పలకగా మారినా స్థానభ్రంశం చెందిందని రాసుకోండి. పాదం తవ్వకూడదనడానికి ఇంకొక కారణం ఉంది. హద్దు కింద ఎన్నటికీ చివకని గుర్తులను, అంటే రాళ్ళు, ఎముకలు, ఆవు వెంట్రుకలు, ఊక, బూడిద, పెంకులు, ఎండిన పేడ, ఇటుక, బొగ్గు, గులకరాళ్ళు, ఇసుక వంటివాటిని పాతిపెట్టాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. పైనున్న రాయిని ఎవరైనా జరిపినా, కిందనున్న బొగ్గు సాక్ష్యం చెబుతుందని ఆ ఏర్పాటు. పురావస్తు శాఖ వాళ్ళు పద్ధతి ప్రకారం తవ్వితే ఆ పొర చదవగలరు; మనం గునపంతో తవ్వితే అది చెరిగిపోతుంది.

కొలవడం, ఫొటో తీయడం

మొదటి ఫొటో రాయిని కాదు, రాయి ఉన్న దిక్కులను తీయాలి. రాయి దగ్గర నిలబడి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వరుసగా నాలుగు ఫొటోలు తీయండి. కొండ, చెరువు కట్ట, తాటిచెట్లు, గుడి శిఖరం ఏది కనిపించినా అందులో పడాలి. తరువాత దూరం నుంచి రాయి, దగ్గర నుంచి నాలుగు ముఖాలు, తల. పక్కన మీటరు బద్దో, కనీసం టేపో నిలబెట్టి తీయండి. నేల పైన ఎత్తు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో రాయండి. ముద్ర ఏ దిక్కుకు తిరిగి ఉందో రాయడం అందరూ మరిచిపోతారు. ముద్ర ఉన్న ముఖం దానం ఇచ్చిన భూమి లోపలికి చూస్తోందా, బయటికి చూస్తోందా అన్నది ఆ ఊరి రాళ్ళన్నీ చూశాక పనికివచ్చే సంగతి. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి, అయితే ఫోను చూపే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అందుచేత దగ్గరలో ఉన్న బావి గట్టు నుంచో, సర్వేరాయి నుంచో టేపుతో దూరం కొలిచి పక్కన రాసుకోవాలి. పదేళ్ళ తరువాత రాయి మాయమైనా ఆ కొలత దాని చోటు చూపిస్తుంది.

రాయిని శుభ్రం చేయాలనిపిస్తుంది. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపడం, మంచినీళ్ళు చల్లి మట్టి కరిగించడం వరకే చేయండి. ఇనుప బ్రష్షు, యాసిడ్, సబ్బు, నూనె ముట్టుకోకూడదు. తెల్లని, పచ్చని మచ్చలుగా అంటుకున్న రాతిపూత నాచును గోకితే దానితోపాటు అక్షరం అంచు కూడా ఊడివస్తుంది. పసుపు కుంకుమలు పూసి ఉంటే, అవి పూసిన వాళ్ళను అడగకుండా కడగవద్దు.

సుద్దముక్కతో గీతలు దిద్దడం పాతకాలపు అలవాటు. నేనూ చేశాను, ఆ సంగతి చెప్పుకోవాలి. ఒక శివాలయపు మాన్యం రాయి మీద చివరి పంక్తిలో భూమి కొలత ఉంది; ఖ అన్న అక్షరం, దాని పక్కన ఒక అంకె. ఖండుగలకు అది సంక్షిప్తం. నేను ఆ అంకెను సుద్దతో దిద్ది, ౩ అని చదివి, ఫొటో తీసుకుని వచ్చాను. ఇంటికి వచ్చాక ఎన్నిసార్లు చూసినా ౩ లాగానే కనిపించింది, ఎందుకంటే ఫొటోలో ఉన్నది రాతి మీది అంకె కాదు, నా సుద్ద. రెండు నెలలకు రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని మళ్ళీ వెళ్ళి, వెలుతురును రాతికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టి చూస్తే, చివరి వంపు అనుకున్నది ఒక బీట. ఉలి పడిన గీత అంచు గుండ్రంగా, లోపల నీడ నిండుగా ఉంది. బీట అంచు పదునుగా, సన్నగా ఉంది. అది ౨. అప్పటి నుంచి సుద్ద ముట్టలేదు.

ఏటవాలు వెలుతురే మీ మొదటి పనిముట్టు. తూర్పు ముఖం మధ్యాహ్నానికి కాస్త ముందు, పడమర ముఖం మధ్యాహ్నం దాటిన వెంటనే, దక్షిణ ముఖం పొద్దున సూర్యుడు వచ్చాక, సాయంత్రం పొద్దువాలే ముందు తేటగా కనిపిస్తాయి. ఉత్తర ముఖానికి రాత్రి టార్చిలైటే గతి. కెమెరాను ఒక స్టాండు మీద కదలకుండా ఉంచి, దీపాన్ని మాత్రం గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతూ పన్నెండు చోట్ల నుంచి పన్నెండు ఫొటోలు తీయండి. ఒక దాంట్లో కనపడని గీత మరో దాంట్లో లేస్తుంది. తడి కాగితం అతికించి, సిరా అద్ది నకలు తీయడం మంచి పద్ధతే గానీ చేతికి అలవాటు కావాలి, పురావస్తు శాఖ అనుమతి కూడా ఉండాలి. ముందు ఫొటోలతో ఎంతవరకు వస్తుందో చూడండి.

అక్షరాలు ఉంటే చదవడం

ముందుగా చివరి పంక్తులు చూడండి. మొదటి పంక్తులు కాదు. దాన శాసనాల చివర తరచుగా ఒక శ్లోకం ఉంటుంది:

స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరామ్
షష్టిం వర్షసహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః

తాను ఇచ్చినదైనా, ఇతరులు ఇచ్చినదైనా భూమిని అపహరించిన వాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని దాని అర్థం. భయపెట్టడం మాట అటుంచితే, చదివే వాళ్ళకు ఇది గొప్ప సాయం. శ్లోకం మనకు ముందే తెలుసు కనుక, ఈ చెక్కినవాడు స ఎలా రాశాడు, ద ఎలా రాశాడు, ష్ట ఒత్తు ఎక్కడ పెట్టాడు అన్నది ఇక్కడ నేర్చుకుని, ఆ అక్షరాలతో పైనున్న తెలియని పంక్తులను చదవవచ్చు. వర్ణమాల పట్టికలు పక్కన పెట్టుకున్నా, ఆ రాయికి ఆ రాయే మంచి పట్టిక. శ్లోకం లేని చోట తెలుగు శాపాలుంటాయి: వారణాసిలో కవిల గోవును చంపిన పాపాన పోతాడు వంటివి. కొంకణ, మహారాష్ట్ర ప్రాంతాల్లో శిలాహార రాజుల కాలం నుంచి ఇటువంటి శాపాన్ని గాడిద బొమ్మగా చెక్కిన రాళ్ళున్నాయి. ఆ బొమ్మ ఎలా ఉంటుందో ఇక్కడ వివరించడం మర్యాద కాదు.

తరువాత కాలం. శకవర్షంబులు అన్న మాట వెదకండి, దాని పక్కన అంకెలుంటాయి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఏడాది చివరి నెలల్లో అయితే 79 కలపాలి. దాన్ని తెలుగు సంవత్సరం పేరుతో సరిచూసుకోవడం తప్పనిసరి. ఒక ఉదాహరణ చెబుతాను. గుంటూరు జిల్లా మందడం పక్కన మల్కాపురంలో కాకతి రుద్రమదేవి కాలపు స్తంభ శాసనం ఉంది. గోళకీ అనే శైవ మఠానికి ఆచార్యుడైన విశ్వేశ్వర శంభువుకు గణపతిదేవుడు ఇచ్చిన మందడాన్ని, రుద్రమదేవి ఇచ్చిన వెలగపూడిని, అక్కడి గుడి, మఠం, విద్యాలయం, సత్రం, ప్రసూతిశాలల ఏర్పాట్లను అది వివరిస్తుంది. దాని కాలం శక 1183, దుర్మతి. 1183కు 78 కలిపితే 1261. సంవత్సర చక్రం అరవై ఏళ్ళది కనుక 1261కి పన్నెండు అరవైలు కలిపితే 1981 వస్తుంది. 1981 ఉగాదికి వచ్చింది దుర్మతే. లెక్క కుదిరింది. మీ రాతి మీది శక వర్షం, సంవత్సరం పేరు ఇలా కుదరకపోతే ఒక అంకె తప్పు చదివారనుకోవడం మంచిది. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఊళ్ళ పేర్లు రాళ్ళకంటే గట్టివని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అంకెల బదులు మాటలుంటే వాటిని వెనకనుంచి చదవాలి. గుణ అంటే 3, వసు అంటే 8, రుద్ర అంటే 11. గుణ, వసు, రుద్ర అని వరుసగా వస్తే 1183 అవుతుంది.

భూమి కొలతల దగ్గర ఎకరాల్లోకి మార్చాలనే ఆత్రం వదులుకోండి. పుట్టి, తూము, ఖండుగ అన్నవి చాలా చోట్ల ఎంత విత్తనం పడుతుందో దాన్ని బట్టి చెప్పిన నేల. ఇరవై తూములు ఒక పుట్టి అన్నంతవరకు లెక్క సరే. ఆ పుట్టెడు విత్తనాలు ఎంత విస్తీర్ణంలో చల్లారన్నది నేలను బట్టి మారుతుంది. కాకతీయుల శాసనాల్లో మర్తురు అనే కొలత వస్తుంది. కోస్తా శాసనాల్లో కేసరిపాటి గడ అనే కొలకోల పేరు కనిపిస్తుంది. ఏ గడతో కొలిచారో రాశారంటేనే, గడ మారితే భూమి మారుతుందని వాళ్ళకూ తెలుసన్న మాట. వెలిపొలం అంటే మెట్ట, నీరునేల అంటే మాగాణి. అంగరంగభోగాలకు అంటే దేవుడి నిత్యసేవలకు, ఉత్సవాలకు అని. ఉన్నది ఉన్నట్టు రాసుకుని, అర్థం పక్కన విడిగా రాయండి.

అష్టభోగాల దగ్గర ఒక ప్రమాదం ఉంది. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలు అనే ఎనిమిది హక్కులతో భూమి ఇచ్చామని శాసనం అంటుంది. అంటే ఆ నేలలో ఎప్పుడైనా నిధి దొరికినా, నీళ్ళు పడినా, రాయి తీసినా దాని మీద హక్కు దానం పుచ్చుకున్న వారిదే అని. మన ఈనాటి దస్తావేజుల్లో చెట్టు చేమలతో సహా అని రాసినట్టే అది. ఇందులో నిధి అనే మాట చూసి అర్ధరాత్రి గడ్డపారలతో వచ్చే వాళ్ళున్నారు. మీరు చదివింది ఊళ్ళో చెప్పేటప్పుడు ఈ అర్థం విడమరిచి చెప్పండి.

రాయి నుంచి రాయికి నడవడం

ఒక రాయి దొరికిందంటే మరికొన్ని ఉండాలి. గుడి శాసనంలో హద్దుల వివరం ఉంటే అది సాధారణంగా తూర్పుతో మొదలై ఆగ్నేయం, దక్షిణం మీదుగా ప్రదక్షిణంగా తిరుగుతుంది. ఫలానా వాగు, ఫలానా పుట్ట, చింతచెట్టు, గుండు, డొంక అంటూ గుర్తులు చెబుతుంది. చెట్లు పోయాయి, పుట్టలు పోయాయి. వాగు దారి మార్చుకుని ఉండవచ్చు. మిగిలేవి గుండ్లు, చెరువు కట్టలు, పాత డొంకలు, ఊరి పొలిమేరలు. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటును శాసనాల్లో ముయ్యలకుట్టు వంటి రూపాల్లో పేర్కొంటారు. గ్రామ పటంలో అలాంటి ముక్కూడలి బిందువులను ముందు గుర్తించి, అక్కడ వెదకండి. నా లెక్కలో రాయి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ ఉన్నది అక్కడే, ఎందుకంటే మూడు ఊళ్ళ వాళ్ళు ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచిన రాయిని జరపడం కష్టం.

శాసనంలో తూర్పు అన్నది మీ దిక్సూచి తూర్పుకు సరిగ్గా సరిపోకపోతే కంగారు పడకండి. నడుస్తూ, దొరికిన ప్రతి రాయికీ వరుస సంఖ్య ఇచ్చి, పటం మీద చుక్క పెట్టండి. దొరకని చోట కూడా, ఎక్కడెక్కడ వెదికారో రాయండి.

నమోదు చేశాక

రెండు పుటలకు మించని నివేదిక రాయండి. ఊరు, మండలం, జిల్లా. రాయి చోటు, కొలతలు, ముద్ర, దిక్కు. పాఠం ఉంటే పంక్తి పంక్తిగా, సందేహమున్న అక్షరం చుట్టూ గుర్తు పెట్టి. ఊళ్ళో చెప్పుకునే కథ ఏదైనా ఉంటే అది. రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక ప్రతి, తెలంగాణలో అయితే వారసత్వ శాఖకు ఒకటి, అక్షరాలున్న రాళ్ళ విషయంలో మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ పురాలేఖ విభాగానికి ఒకటి పంపండి. జవాబు త్వరగా రాకపోవచ్చు. మీ నివేదిక అందిన తేదీ ఉంటే అదే మీకు ఆధారం. ఊరి గుడి అర్చకుడికి, పంచాయతీకి, బడిలో సోషల్ మాస్టారుకు తలా ఒక ప్రతి ఇవ్వండి. కచ్చితమైన చోటును మాత్రం ఫేస్‌బుక్కులో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. ఊరి పేరు చాలు.

వందేళ్ళు దాటిన శిల్పం, శాసనం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. దాన్ని అమ్మడం, దేశం దాటించడం నేరం వైపు నడిచే దారి. భూమిలో దాగిన విలువైన వస్తువేదైనా బయటపడితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే చిక్కు దొంగలతో కాదు, భక్తులతో, ఉత్సాహవంతులతో. పొలంలో ఎండకు ఎండుతోంది కదా, గుడి ఆవరణలో పెడదాం అంటారు. ఒక ఊళ్ళో కుర్రవాళ్ళు చందాలు వేసుకుని, ట్రాక్టరు మీద రాయిని తెచ్చి, ధ్వజస్తంభం పక్కన సిమెంటు దిమ్మెలో నిలబెట్టి, చుట్టూ టైల్సు వేసి, చక్రానికి వెండి రంగు పూశారు. ఆ పని ప్రేమతోనే చేశారు. నన్ను పిలిచి చూపించినప్పుడు, ఇది ఏ గట్టు మీదుండేది అని అడిగాను. ముగ్గురు మూడు చోట్లు చెప్పారు.

రాయిని తరలించక తప్పని పరిస్థితి వస్తే, అంటే రోడ్డు పడుతుంటేనో, చెరువు తవ్వుతుంటేనో, ముందు పురావస్తు శాఖకు రాతపూర్వకంగా చెప్పండి. వాళ్ళు వచ్చేలోపు తప్పదనుకుంటే పై చెప్పిన ఫొటోలు, కొలతలు అన్నీ తీసి, రాయి పాదం కింద ఏముందో చూసి రాసుకుని, తీసిన చోట ఒక సిమెంటు రాయి పాతి దాని మీద తేదీ చెక్కించండి. వీలైతే పది అడుగుల దూరంలో, అదే గట్టు మీద, ముద్ర అదే దిక్కుకు ఉండేలా నిలబెట్టండి. ఆ పది అడుగుల లెక్క మీ నోటు పుస్తకంలో, గుడి రిజిస్టరులో, పంచాయతీ ఫైలులో మూడు చోట్లా ఒకేలా ఉండాలి.